కొత్త సైకిల్ ఇస్తే పాత బాకీ తీరుతుందా?

"మా అన్నయ్య తాగుడుకు బానిసై, వదిన పోయాక ఇల్లొదిలేసి ఆరేళ్లు రోడ్ల మీదే బతికాడు. ఎవరో ఆయన పాటను ఫోన్లో తీసి పెడితే లక్షల మంది చూశారు. వాళ్లే డీఅడిక్షన్ సెంటర్లో చేర్పించారు. మానేసి నాలుగు నెలలైంది. ఇప్పుడు టీవీ వాళ్లు వెంటపడుతున్నారు. ఒక ఛానెల్ ఏడాదికి అగ్రిమెంట్ రాసుకుందామంటోంది. ఒప్పుకోమంటారా? ఆయన డబ్బు, డేట్లు చూసుకోవడానికి నేను ఉద్యోగం మానేయనా? ఒకటే ఇబ్బంది, ఆయన కూతురు. పదహారేళ్లు, నా దగ్గరే పెరిగింది. దాని చిన్నప్పుడు అన్నయ్య తాగడానికి అమ్మేసిన సైకిల్‌కి బదులు మొన్న షూటింగ్‌లో స్టేజీ మీదే కొత్తది ఇప్పించారు. అది ముట్టుకోకుండా దిగి వెళ్లిపోయింది. అందరి ముందూ పరువు తీసింది. దానికెలా నచ్చజెప్పాలి?"
– ఒక చెల్లెలు

అమ్మా, మీరడిగిన మొదటి రెండింటికీ జవాబు చెప్పేస్తాను. అగ్రిమెంట్ మీద ఇప్పుడు సంతకం వద్దు. మీ ఉద్యోగం మానకండి. ఆయన డబ్బు ఇద్దరి సంతకాలుంటే తప్ప తీయలేని ఖాతాలో వేయండి. ఆ సంగతి అంతటితో సరి.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ "ఒకటే ఇబ్బంది" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. తల్లి పోయిన పిల్ల, తండ్రి రోడ్డున పడితే మేనత్త పంచన పెరిగిన పిల్ల, మీకు ఇబ్బంది అయిందా?

ఒక పొద్దున లేచి చూస్తే గోడకు ఆనించిన సైకిల్ లేదు. ఎవరు తీసుకుపోయారో ఆ వయసు పిల్లకు ఒకరు చెప్పక్కర్లేదు. బడిలో ఎవరైనా అడిగితే ఏం అబద్ధం చెప్పిందో మీకు తెలుసా? అన్నేళ్లు లోపలే దాచుకున్న ఆ సంగతిని ఛానెల్ వాళ్ల చెవిన వేసిందెవరు? మీరో, మీ అన్నయ్యో. చెప్పేముందు ఆమెను ఒక్క మాట అడిగారా? లైట్లు, కెమెరాలు, ముందు వందమంది జనం. రిబ్బన్ కట్టిన సైకిల్ నెట్టుకుంటూ తెచ్చి, తండ్రిని కౌగిలించుకోమన్నారు. ఆ పిల్ల ఒక్క మాట తూలకుండా, ఏడవకుండా దిగి వెళ్లింది. పరువు తీసిందంటున్నారు. నా లెక్కలో ఆ రోజు ఆ స్టేజీ మీద పరువు నిలబెట్టుకున్నది ఆమె ఒక్కతే.

ఆరేళ్లు బంధువుల్లో తలెత్తుకోలేక మీరు పడ్డ బాధ నాకు తెలుస్తూనే ఉంది. ఇప్పుడు అదే అన్నయ్యకు జనం చప్పట్లు కొడుతుంటే ఆ అవమానమంతా ఒక్కసారిగా కడిగేసుకోవాలని ఉంటుంది. తప్పు లేదు. కానీ ఆ పని ఆ పిల్ల చేత చేయించకండి. క్షమించమని పిల్లల్ని తొందరపెట్టే హక్కు ఏ పెద్దవాళ్లకూ లేదని నేను గట్టిగా నమ్ముతాను. కన్నతండ్రి విషయమైనా అంతే.

2011 జనవరిలో అమెరికాలోని కొలంబస్‌లో టెడ్ విలియమ్స్ అనే ఆయనకు ఇలాగే జరిగింది. రోడ్డు పక్కన అట్టముక్క పట్టుకుని అడుక్కుంటున్న మనిషి. గొంతు విప్పితే అచ్చం రేడియో గొంతు. అక్కడి పత్రిక పెట్టిన వీడియోతో రోజుల్లోనే దేశమంతా తెలిసిపోయాడు. టీవీ షోలు, ప్రకటనలు, ఒక బాస్కెట్‌బాల్ జట్టు నుంచి ఉద్యోగం, ఇల్లు ఇస్తామన్న కబురు. వారం తిరిగేసరికి హోటల్లో కూతురితో గొడవపడితే పోలీసులు రావాల్సి వచ్చింది. తర్వాత చికిత్సకు చేరి, రెండు వారాలు కూడా ఉండకుండా బయటికొచ్చేశాడు. కొన్నేళ్లకు మళ్లీ రేడియోలో పనిచేశాడు, అది సంతోషమే. కానీ మొదట బీటలు వారింది ఎక్కడో చూడండి. పిల్లల దగ్గరే.

మీ అన్నయ్యకు నాలుగు నెలలే అయింది. ఏడాది నిండేదాకా డాక్టర్లు దీన్ని తొలి దశ అనే అంటారు. తాగాలన్న కోరిక బాధలోనే పుడుతుందనుకుంటాం. సంబరంలోనూ పుడుతుంది. ప్రోగ్రాం అయ్యాక, చప్పట్లు ఆగాక, హోటల్ గదిలో ఒంటరిగా కూర్చున్న ఆ రెండు గంటలు మరీ ప్రమాదం. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో మొదలైన ఆ సంఘంలో సభ్యులు పత్రికల్లో, రేడియోలో, సినిమాల్లో తమను తాము సభ్యులుగా బయటపెట్టుకోకూడదన్న సంప్రదాయం ఉంది. కొత్తగా మానిన మనిషికి పేరు ఎంత బరువో వాళ్లకు అనుభవం మీద తెలుసు. ఆయన పాడొద్దని నేననను. పాటే ఆయన్ని నిలబెట్టింది. చిన్న చోట్ల పాడనివ్వండి, రాత్రికి ఇంటికి వచ్చేలా. తాగుడు మానినవాళ్ల గ్రూప్ మీటింగ్ ఉన్న రోజు ఏ షూటింగూ ఒప్పుకోకండి.

మీ అన్నయ్యకు నా మాటగా చెప్పండి. నీ కూతురికి నువ్వు బాకీ పడ్డది సైకిల్ ఒక్కటే అనుకోకు. వస్తానని రాని సాయంత్రాలు, కడతానని కట్టని ఫీజులు, అవన్నీ బాకీలే. రోజూ ఒకే వేళకు ఇంటికి రా. ఆదివారం ఫలానా పని చేస్తానంటే చెయ్యి. ఆమె మాట్లాడకపోయినా చెయ్యి. చేసిన తప్పు ఇదీ అని పేరుపెట్టి, కెమెరా లేని చోట ఒక్కసారి చెప్పి ఊరుకో. జవాబు కోసం ఆమె మొహంలోకి చూస్తూ కూర్చోకు. నెలలు పట్టవచ్చు, ఏళ్లు పట్టవచ్చు. ఆమె ఎప్పటికీ నాన్నా అని పిలవకపోయినా తాగకుండా ఉండాల్సింది నువ్వే.

ఇక మీ సంగతి. ఈ రాత్రి ఆ పిల్ల గదికి వెళ్లి, "నిన్ను అడగకుండా ఇదంతా జరగనిచ్చాను, తప్పు నాదే" అనండి. అంతకంటే ఒక్క మాట ఎక్కువ వద్దు. "కానీ మీ నాన్న..." అని అస్సలు మొదలుపెట్టకండి. ఆ సైకిల్ ఉంచుకోవాలా, ఎవరికైనా ఇవ్వాలా అన్నది ఆమెనే తేల్చనివ్వండి. రేపు పొద్దున ఛానెల్‌కు ఫోన్ చేసి, ఆమె కనిపించే భాగం తీసేయమని అడగండి. అదే రాతపూర్వకంగా కూడా పంపండి. ఆమె మైనరు. పెంచిన మనిషి మీరు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎంత పోట్లాడాలో అంతా పోట్లాడండి.