పేర్లు పెట్టే చదువుకి జీతం ఎవరిస్తారు?

హైదరాబాద్ బోడుప్పల్ నుంచి ఒక అమ్మ అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల పాప ఇంటర్ సెకండియర్ బైపీసీ, నీట్ కోచింగ్ కూడా నడుస్తోంది, ఫిజిక్స్‌లో వెనకబడుతోంది, ఫోన్ గ్యాలరీ నిండా మాత్రం గడ్డిపూలు, పురుగులు, తొండల ఫోటోలే. "క్లాసిఫికేషన్ అంటే ఇష్టమట సార్, ట్యాక్సానమీ చదువుతా అంటోంది. పిల్లలందరూ బట్టీ కొట్టి వదిలేసే చాప్టర్ కదా అది, మొక్కలకి పురుగులకి పేర్లు పెడితే జీతం ఎవరిస్తారు, దీనికి ఎట్ల నచ్చజెప్పాలె" అని.

అమ్మా, పాపకి నచ్చజెప్పే సంగతి తర్వాత చూద్దాం, ముందు మీరు ఒక పని చేయండి. బతుకమ్మకి తెచ్చిన బంతిపూలలో ఒకటి పక్కన పెట్టి బాగా ఎండనిచ్చి విప్పండి. లోపల గుప్పెడు నల్లటి పుల్లల్లాంటి గింజలుంటాయి, ఒక్కో రెక్క కింద ఒక్కో గింజ. అంటే మనం రెక్క అనుకున్నది రెక్క కాదు, అదొక పూర్తి పువ్వు, మనం ఒక్క బంతిపువ్వు అనుకున్నది చిన్న చిన్న పూలన్నీ కలిసి ఉన్న గుంపు. చామంతీ అంతే, పొద్దుతిరుగుడూ అంతే, అందుకే మూడూ ఒకే కుటుంబం. ఇక గునుగు పువ్వుని అరచేతిలో నలిపి ఊదితే మెరిసే నల్లటి చిన్న గింజలు మిగులుతాయి, తోటకూర గింజలు పక్కన పెడితే వెంటనే తేడా చెప్పలేరు, ఎందుకంటే ఆ రెండూ నిజంగానే చుట్టాలు. ట్యాక్సానమీ అంటే ఇదేనమ్మా, ఎవరికి ఎవరు ఎంత దగ్గర చుట్టమో సాక్ష్యాలతో తేల్చడం, పేరు అనేది ఆ తేల్చిన దాని మీద వేసే ముద్ర మాత్రమే.

తంగేడు సంగతి చూడండి, మన తెలంగాణ రాష్ట్ర పుష్పం. పాత పుస్తకాల్లో దాని పేరు కాసియా ఆరిక్యులేటా, ఇప్పుడు సెన్నా ఆరిక్యులేటా. రేల పువ్వు మాత్రం కాసియాలోనే ఉండిపోయింది. ఎందుకంటే రేల పువ్వుని దగ్గరగా చూస్తే మూడు పొడుగాటి కేసరాలు కొక్కెంలా వంగి బయటికొచ్చి ఉంటాయి, తంగేడుకి ఆ వంపు ఉండదు, ఇలాంటి తేడాలన్నీ కూర్చోబెట్టి లెక్కవేశాక 1982లో ఆ పెద్ద కాసియా గుంపుని మూడుగా విడదీశారు, తర్వాత డీఎన్ఏ చూసినా ఆ విభజనే నిలబడింది. మీ పాప ఈ వంపుని గమనించే రకం అయితే, ఆ చూపు కోచింగ్‌లో నేర్పితే వచ్చేది కాదు, దాన్ని పోగొట్టకండి.

ఇప్పుడు జీతం ఎవరిస్తారన్న మాటకి వద్దాం. మీ ఊరికి అవతలి వైపు పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ ఉంది కదా, అక్కడి జీన్ బ్యాంక్‌లో, అంటే విత్తనాలు దాచే చోట, జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ లాంటి పంటల విత్తన నమూనాలు లక్షా ఇరవై వేలకి పైనే ఉన్నాయి, అందులో ఏది ఏ జాతో తెలియకపోతే అదంతా ఒక గోడౌన్ మాత్రమే. మన కందికి దగ్గరి అడవి చుట్టాల్ని ఒకప్పుడు అటైలోసియా అని వేరే జీనస్‌లో, అంటే దగ్గరి జాతులన్నీ కలిసిన వేరే గుంపులో పెట్టారు. దగ్గరగా పరిశీలిస్తే అవి కందికి సొంత మనుషుల్లాంటివే అని తేలి 1986లో కజానస్‌లో, అంటే కంది జీనస్‌లోనే కలిపేశారు. ఆ చుట్టాల్లో ఒకటి, తూర్పు కనుమల అడవుల్లో దొరికే కజానస్ కజానిఫోలియస్. దాన్ని తల్లిగా తీసుకుని కందితో కలిపితే పుప్పొడి పనిచేయని మొక్కలు దొరికాయి, పుప్పొడి పనిచేయకపోతే హైబ్రిడ్ విత్తనం కోసం ఒక్కో పువ్వునీ చేత్తో విప్పాల్సిన పని ఉండదు, హైబ్రిడ్ కంది అట్లనే పొలాల దాకా వచ్చింది. ఏది దేనికి చుట్టమో తెలిస్తేనే దేనితో దేన్ని కలపొచ్చో తెలుస్తుంది, ఆ తెలివికే జీతం.

ఇంకొకటి, మీరు డాక్టర్ సీటు కావాలనుకుంటున్నారు కాబట్టి చెప్తున్నా. కట్లపాము, దాన్ని పోలి ఉండే వుల్ఫ్ స్నేక్ అనే విషం లేని పాము, రెండూ ఇళ్లలోకి వస్తాయి. కట్లపాముకి వీపు మధ్యలో ఒక వరుస పొలుసులు మిగతా వాటికంటే పెద్దగా ఆరు మూలలతో ఉంటాయి, తెల్ల పట్టీలు మెడ దగ్గర మాసిపోయి తోక వైపు స్పష్టంగా ఉంటాయి, వుల్ఫ్ స్నేక్‌కి దీనికి రివర్స్. (పాము కనిపిస్తే దగ్గరికెళ్లి పొలుసులు చూడమని కాదు, పాప అలాంటి పని అస్సలు చేయకూడదు, దూరం నుంచి ఫోటో చాలు.) కట్లపాము జీనస్ పేరు బంగారస్, అది మన తెలుగు బంగారమే. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్ అనే డాక్టర్, కట్లపాముకి చుట్టమైన పసుపు పట్టీల పాముని అక్కడి జనం బంగారం పాము అంటే అదే రాసుకుని 1796లో బొమ్మలతో సహా అచ్చు వేయించాడు, 1803లో ఒక ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఆ పేరునే జీనస్ పేరుగా ఖాయం చేశాడు. పాపకి ఈ సంగతి చెప్పండి, సంతోషపడుతుంది.

ఇక దారి ఎట్లా అంటే. నీట్ మానేయమని నేను చెప్పను, ఈ ఏడాది మనసు పెట్టి రాయనివ్వండి, 720లో 360 బయాలజీవే కాబట్టి పాప ఇష్టం అక్కడ పనికొస్తుంది. క్లాసిఫికేషన్ చాప్టర్‌ని కూడా టేబుల్‌లా కాకుండా కథలా చదవమనండి, పుట్టగొడుగుని లిన్నేయస్ మొక్కల్లో ఎందుకు పెట్టాడు, 1969లో విట్టేకర్ జీవుల్ని ఐదు రాజ్యాలు (కింగ్‌డమ్‌లు) చేసి దాన్ని ఎందుకు బయటికి తెచ్చాడు, 1990లో వోస్ రాజ్యాలకన్నా పెద్ద గుంపులుగా మూడు డొమైన్లు అనడానికి ఏ ఆర్ఎన్ఏ చూశాడు, ఈ ఎందుకులు తెలిస్తే ఎగ్జామినర్ ఎటు తిప్పి అడిగినా బిట్ పోదు. కానీ సీటు రాకపోతే లాంగ్‌టర్మ్ కోచింగ్ రెండేళ్లు మూడేళ్లు అని తిప్పడం మాత్రం వద్దు, ఇష్టం ఉన్న పిల్లకి ఆ ఏళ్లు చాలా విలువైనవి.

ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థల్లో చేరడానికి ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయించండి, ఒక ఐసర్ తిరుపతిలోనే ఉంది, ఐదేళ్ల బీఎస్ ఎంఎస్. అందులో మ్యాథ్స్, ఫిజిక్స్ ప్రశ్నలు కూడా ఉంటాయి, బైపీసీ పిల్లలు దెబ్బతినేది అక్కడే, ఇప్పటినుంచే రోజుకి గంట మ్యాథ్స్ పెట్టుకోవాలి. అది కాకపోతే డిగ్రీ అడ్మిషన్ల దోస్త్‌లో నిజాం కాలేజ్, కోఠి విమెన్స్ లాంటి చోట బోటనీ జువాలజీ ఉన్న కాంబినేషన్, తర్వాత సీపీగెట్ ప్రవేశ పరీక్షతో ఉస్మానియాలో (ఓయూ) ఎమ్మెస్సీ, లేదా సీయూఈటీ పీజీ పరీక్షతో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ). ఏ దారిలో వెళ్లినా డీఎన్ఏ సీక్వెన్స్‌లు చదవడం, దానికి కొంచెం పైథాన్ లేదా ఆర్ అనే కంప్యూటర్ భాష తప్పనిసరిగా నేర్చుకోవాలి, ఒట్టి ఫీల్డ్ మాత్రమే తెలిసినవాళ్లకీ ఒట్టి ల్యాబ్ మాత్రమే తెలిసినవాళ్లకీ ఇప్పుడు కష్టమే, రెండూ తెలిసినవాళ్లు తక్కువ. అత్తాపూర్‌లో సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్ల లాకోన్స్ అనే వన్యప్రాణుల ల్యాబ్ ఉంది, ఫారెస్ట్ వాళ్లు పట్టుకున్న మాంసం ముక్క దుప్పిదా మేకదా అన్నది డీఎన్ఏ చూసి చెప్పే పని అక్కడ జరుగుతుంది, ఆ రిపోర్టు కోర్టులో సాక్ష్యం అవుతుంది.

డబ్బు విషయం దాచను. డిగ్రీ, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ అయ్యేసరికి పాపకి ఇరవై ఎనిమిదేళ్లు వస్తాయి. సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ కొడితే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000, హెచ్ఆర్ఏ వేరే. ఆ తర్వాత బొటానికల్ సర్వే, జువాలజికల్ సర్వే, యూనివర్సిటీలు, విత్తన సంస్థలు. సర్వే పోస్టులు ఏటా పడవు, పడినా తక్కువే, ఇంజినీరింగ్ చేసిన మీ బంధువుల పిల్లలు ఈలోపు ఫ్లాట్ కొనేస్తారు, ఆ పోలిక ఇంట్లో రోజూ తీయకుండా ఉండగలరా అన్నది మీరూ మీవారూ కూర్చుని ఆలోచించుకోండి. ఉండగలిగితే ఈ దారి ధైర్యంగా పట్టండి. కాలేజీ లెక్చరర్, ఫారెస్ట్ సర్వీస్ ఇవన్నీ కూడా ఇదే చదువుతో తెరిచి ఉంటాయి.

చివరిగా, ఈ పరీక్షల హడావుడి మొదలయ్యేలోపు పాపని ఒకరోజు అత్తాపూర్‌లో ఉన్న బొటానికల్ సర్వే దక్కన్ సెంటర్‌కి తీసుకెళ్లండి, జువాలజికల్ సర్వే మంచినీటి జీవుల సెంటర్ కూడా ఆ ఏరియాలోనే ఉంది. అక్కడ ఎండబెట్టిన మొక్కలు దాచే చోటుని హెర్బేరియం అంటారు, మొక్కని పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టి, దాదాపు 42 సెంటీమీటర్ల పొడవు 28 వెడల్పు ఉండే మందపాటి షీటు మీద కుట్టి, కింద కుడి మూల లేబుల్ మీద ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎవరు కోశారో రాసి బీరువాల్లో పెడతారు. అది ముట్టుకోకుండా దగ్గరగా చూస్తే పాపకి తనకిది కావాలా వద్దా అన్నది నాకన్నా బాగా తెలుస్తుంది. ఊరికే వెళ్తే లోపలికి పంపకపోవచ్చు, కాలేజీ ప్రిన్సిపల్ సంతకంతో ముందే లెటర్ పెట్టండి. పాప తీసిన ఫోటోల్లో మంచివి ఒక పది ప్రింట్ తీయించి, వెనకాల ఎక్కడ ఎప్పుడు తీసిందో తనతోనే రాయించి పట్టుకెళ్లండి.