యాప్‌లని పంపించెయ్, మెయిల్‌ని కదపకు

ఒరేయ్ నాన్నా,

నువ్వు పెట్టిన పొడుగాటి మెసేజ్ చదివాను. నెక్స్ట్‌క్లౌడ్ (ఫైళ్ళకి), ఇమ్మిచ్ (ఫోటోలకి), వాల్ట్‌వార్డెన్ (పాస్‌వర్డ్‌లకి), వాటితో పాటు ఇంట్లో అందరి మెయిలూ ఒక్క వీపీఎస్ (అద్దె సర్వర్) మీదే నడిపి నడిపి ఇప్పుడు రెండోది తీసుకున్నావు, మంచిదే. కానీ "మెయిల్‌ని కొత్తదానికి మార్చేస్తా బాబాయ్, యాప్‌లు పాతదాంట్లోనే ఉంటాయి" అన్నావు చూడు, అది మాత్రం తిరగెయ్. మెయిల్ ఉన్నచోటే ఉండనీ, యాప్‌లని బయటికి పంపు.

ఎందుకంటే నీ పాత ఐపీకి (అంటే ఇంటర్నెట్‌లో ఆ సర్వర్ చిరునామాకి) ఇన్నేళ్ళలో ఒక పేరంటూ వచ్చింది, జీమెయిల్ వాళ్ళూ ఔట్‌లుక్ వాళ్ళూ దాన్ని ఎరుగుదురు. కొత్త ఐపీలో నీకంటే ముందు ఎవడు అద్దెకున్నాడో, ఎంత స్పామ్ పంపి బ్లాక్‌లిస్టుకెక్కి ఖాళీ చేశాడో నీకేం తెలుసు? వాడి పాపం నీ నెత్తిన పడుతుంది. పైగా వీపీఎస్ ఇచ్చేవాళ్ళు చాలామంది కొత్త అకౌంట్లకి పోర్ట్ 25 (సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ పంపుకునే దారి) మూసే ఉంచుతారు, తెరవమని టికెట్ పెట్టాలి, రివర్స్ డీఎన్ఎస్, అంటే ఈ ఐపీ ఏ పేరుదో చెప్పే రికార్డు, మళ్ళీ సెట్ చెయ్యాలి (అది డొమైన్ కొన్నచోట కాదు, వీపీఎస్ ఇచ్చినవాళ్ళ దగ్గర, ఇది చాలామందికి తట్టదు). యాప్‌లకి ఈ గోలేం లేదు, ఏ ఐపీ ఐనా ఒకటే.

అసలు విడగొట్టాలని నాకెప్పుడు తట్టిందో చెప్తా. మీ అక్క పెళ్ళి ఫోటోలూ వీడియోలూ ఫోటోగ్రాఫర్ హార్డ్‌డిస్క్‌లో ఇస్తే రాత్రి నా సర్వర్‌కి అప్‌లోడ్ పెట్టి పడుకున్నాను, అప్పట్లో నాదీ మెయిలూ యాప్‌లూ ఒక్కదాంట్లోనే. పొద్దున్న మీ బావ "మామయ్యా, వీసా అపాయింట్‌మెంట్ మెయిల్ ఇంకా రాలేదు" అని గుమ్మంలో నిలబడ్డాడు. లాగ్ తెరిస్తే వరసగా 452 4.3.1, ఇన్‌సఫిషియెంట్ సిస్టమ్ స్టోరేజ్ అని. డిస్కు చూస్తే నూటికి నూరు. ఫోటోలు మొత్తం తినేశాయి, పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపే, అందుకునే ప్రోగ్రాం) పాపం వచ్చిన ప్రతి మెయిల్‌నీ తర్వాత రమ్మని పంపేస్తోంది. అదృష్టం ఏంటంటే 4తో మొదలయ్యే కోడ్ అంటే "ఇప్పుడు కాదు, మళ్ళీ రా" అని అర్థం, పంపేవాళ్ళ సర్వర్ మామూలుగా నాలుగైదు రోజులు తిరుగుతూనే ఉంటుంది. జాగా ఖాళీ చేసిన గంటా రెండు గంటల్లో అన్నీ ఒక్కొక్కటిగా వచ్చి పడ్డాయి, వీసాది కూడా. మీ బావ మాత్రం ఇప్పటికీ నా సర్వర్‌ని నమ్మడు.

అందుకని మెయిల్ ఉన్నచోట ఇంకేం పెట్టకు. పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ (మెయిల్ దాచి ఫోన్లకి చూపించేది), ఆర్‌స్పామ్‌డీ (స్పామ్ వడపోసేది), నలుగురి ఇంటికి 2 జీబీ ర్యామ్ చాలు. క్లామ్ఏవీ అనే వైరస్ స్కానర్ ఒక్కటే 1 జీబీ పైన మింగుతుంది, అవసరమా అని ఆలోచించుకో, నేనైతే తీసేశాను. ర్యామ్, డిస్కు ఎంత కొన్నా యాప్‌ల వైపే పెట్టు, ఇమ్మిచ్ మొహాలు గుర్తుపట్టడం మొదలెడితే దానికి ఎంతున్నా చాలదు.

ఇక మార్చేటప్పుడు. ముందురోజే డీఎన్ఎస్‌లో (ఏ పేరు ఏ ఐపీదో చెప్పే పట్టిక) టీటీఎల్, అంటే పాత జవాబుని మిగతావాళ్ళు ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవచ్చో చెప్పే అంకె, 300కి దించు, డేటాబేస్ డంప్ తీసేముందు నెక్స్ట్‌క్లౌడ్‌ని మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టు, ఇవి నీకు తెలిసినవే. నువ్వు దెబ్బతినేది వేరేచోట. నీ ఉత్త డొమైన్, అంటే ముందు ఏ సబ్‌డొమైనూ లేనిది, ఇప్పుడు పాత ఐపీకే చూపిస్తోంది కదా, వెబ్‌సైట్‌తో పాటు దాన్ని కొత్త ఐపీకి తిప్పేస్తావు. నీ ఎంఎక్స్ రికార్డు (నీకొచ్చే మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్ళాలో చెప్పేది) ఆ ఉత్త డొమైన్‌నే చూపిస్తుంటే వచ్చే మెయిల్ మొత్తం కొత్త సర్వర్ తలుపు తడుతుంది, అక్కడ తీసేవాడు లేడు. ఎస్‌పీఎఫ్‌లో (నీ డొమైన్ పేరుతో ఏ ఐపీలు మెయిల్ పంపొచ్చో చెప్పే రికార్డు) నువ్వెప్పుడో కాపీ కొట్టి పెట్టిన 'ఏ' అనే ఒక్క అక్షరం ఉంటే ఇంకా మజా, దానర్థం "డొమైన్ ఏ ఐపీలో ఉంటే అక్కడ్నించి పంపొచ్చు" అని, ఇప్పుడదేమో కొత్తది, మెయిల్ వెళ్ళేదేమో పాతదాన్నించి, ఎస్‌పీఎఫ్ ఫెయిల్. డీకిమ్ సంతకం (మెయిల్ నీ డొమైన్‌దే అని రుజువు చేసే డిజిటల్ ముద్ర) సరిగ్గా ఉంటే కొంత కాస్తుందిలే, కానీ దాని మీద ఆధారపడకు. ఎస్‌పీఎఫ్‌లో పాత ఐపీని అంకెల్లోనే రాసెయ్, ఎంఎక్స్‌కి మెయిల్ అనే సబ్‌డొమైన్ పెట్టి దానికి పాత ఐపీతో సొంత 'ఏ' రికార్డు (పేరుని ఐపీకి కలిపేది) ఇవ్వు. నీ డీఎన్ఎస్ క్లౌడ్‌ఫ్లేర్‌లో ఉంటే ఆ రికార్డుకి ఆరెంజ్ మబ్బు (ట్రాఫిక్‌ని వాళ్ళ ప్రాక్సీ సర్వర్ల మీదుగా తిప్పే గుర్తు) పెట్టకు, ఆ ప్రాక్సీ వెబ్‌సైట్ల కోసం, మెయిల్ దాంట్లోంచి పోదు.

ఇంకోటి, ఇది కొన్ని వారాల తర్వాత గానీ బయటపడదు. యాప్‌లు వెళ్ళిపోయాయి కదా అని పాతదాంట్లో ఎన్‌జినెక్స్ అనే వెబ్ సర్వర్ కూడా పీకేస్తావు, మెయిల్ సర్టిఫికెట్ (ఇది నీ సర్వరే అని ఫోన్‌కి రుజువు చూపేది) రెన్యూ అయ్యేది దాని ద్వారానే అని మర్చిపోతావు. ఆ సర్టిఫికెట్ ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్‌ది మామూలుగా 90 రోజులు, తర్వాత ఓ పొద్దున్న మీ అమ్మ ఫోన్లో ఎర్రగా ఏదో వచ్చిందని ఫోన్ చేస్తుంది. రెన్యూ అయ్యాక డవ్‌కాట్‌నీ పోస్ట్‌ఫిక్స్‌నీ రీలోడ్ చెయ్యాలి కూడా, లేకపోతే పాతదే పట్టుకుని కూర్చుంటాయి.

కొత్త సర్వర్లో మళ్ళీ ఇంకో మెయిల్ సర్వర్ వెయ్యకు. యాప్‌లు పాస్‌వర్డ్ రీసెట్లూ నోటిఫికేషన్లూ పంపడానికి పాతదాంట్లో ఒక అకౌంట్ తెరిచి, పోర్ట్ 587 మీద లాగిన్ అయ్యి పంపేట్టు పెట్టు, చాలు. రెండు వీపీఎస్‌లకీ డొమైన్‌కీ నువ్విచ్చిన ఈమెయిల్ ఈ డొమైన్‌దే ఐతే మాత్రం ఇవాళే మార్చు, అది పడిపోయిన రోజు బిల్లు నోటీసు కూడా నీకు రాదు.

పాతదాంట్లో యాప్ కంటైనర్లు (ఒక్కో యాప్ నడిచే డబ్బాలు) ఆపు, తీసెయ్యకు, రెండు వారాలు అలాగే ఉండనీ. బ్యాకప్ ఒకదాన్నుంచి ఇంకోదానికి కాకుండా మూడోచోట ఉండాలి, లేదంటే బ్యాకప్‌తో డిస్కు నిండి మీ అక్క పెళ్ళి ఫోటోల కథే మళ్ళీ.

మొదలెట్టేముందు డీఎన్ఎస్ పేజీ స్క్రీన్‌షాట్ నాకు వాట్సాప్ చెయ్, ఎంఎక్స్, ఎస్‌పీఎఫ్ రెండూ కనపడేట్టు. నేను చూసి సరే అన్నాకే ఐపీ మార్చు.

మీ బాబాయ్