జెర్రిని తెచ్చేముందు డబ్బా సంగతి చూడు

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోన్ చేసినప్పుడు పక్కనే మీ అత్త ఉంది, అందుకే పొడిపొడిగా మాట్లాడి పెట్టేశాను. ఈ పురుగుల మాటెత్తితే ఆవిడకి ఒళ్ళు మంట. చిలీ రోజ్ సాలీడు ఉన్న డబ్బాలాంటిదే ఇంకోటి కొంటే జెర్రికి సరిపోతుందా అని కదా అడిగావు? సరిపోదురా. రెండూ పారిపోయే తీరు వేరు, వాటిని ఆపే తీరూ వేరే.

నీ చిలీ రోజ్ లాంటి, నేల మీద బతికే టరంటులాకి, అంటే ఒళ్ళంతా వెంట్రుకలుండే పెద్ద సాలీడుకి, ఎత్తు ఎక్కువైతే దాని ప్రాణానికే ముప్పు. పాదాల కింద సన్నని వెంట్రుకల మెత్త ఉంటుంది కాబట్టి నున్నటి అద్దం మీద కూడా ఎక్కేస్తుంది. పైనుంచి జారి పడితే పొట్ట చిట్లుతుంది. అందుకని మట్టికీ మూతకీ మధ్య ఎత్తు, కాళ్ళు చాపినప్పుడు అది ఎంత ఉంటుందో దానికి ఒకటిన్నర రెట్లు మించకుండా మట్టి నింపు. సందుల లెక్క కూడా తెలుసుకో. తల, రొమ్ము కలిసిన ముందు భాగం మీద గట్టి పెంకు ఉంటుంది. ఆ పెంకు పట్టినచోట మిగతా ఒళ్ళంతా పడుతుంది. పొట్ట అంత లావుగా ఉంది, ఇందులోంచి ఎలా వెళ్తుందిలే అనుకోకు, పొట్ట నొక్కుకుపోతుంది. మూతకి జాలీ వద్దు. స్టీలు జాలీలో గోళ్ళు ఇరుక్కుంటాయి, నైలాన్ దోమతెరనైతే కోరలతో కొరికేస్తుంది. ప్లాస్టిక్‌కి డ్రిల్లుతో సన్నని రంధ్రాలు వేసుకోవడమే మేలు. ఒకవేళ నీది మగదైతే, పెద్దదయ్యాక ఆడదాన్ని వెతుక్కుంటూ రాత్రంతా మూత చుట్టూ తిరుగుతుంది. అప్పుడు క్లిప్పులు ఇంకొంచెం గట్టిగా చూసుకో.

జెర్రి సంగతి వేరు. సాలీడు దారి కనబడితే పోతుంది, జెర్రి దారి వెతుక్కుని పోతుంది. ఎవరి దగ్గరైనా అద్దం డబ్బాలో జెర్రి ఉంటే, రాత్రి లైటార్పి, ఎర్ర కాగితం చుట్టిన టార్చితో ఒకసారి చూడు, నీకే తెలుస్తుంది. అద్దం అడుగున గోడవెంబడే తిరుగుతూ మీసాలతో ప్రతి అంగుళం తడుముతుంది. నున్నటి అద్దం మీద దాని కాళ్ళు నిలవవు. మూలకి వచ్చేసరికి రెండు అద్దాల మధ్య సిలికాన్ అతుకు తగులుతుంది. దాని మీద గోళ్ళు ఆనుతాయి. ముందు నాలుగు జతల కాళ్ళు మోపి, వెనక భాగం నేలకి అదిమి, మెల్లిగా పైకి సాగుతుంది. మూతకి మీసం తగిలిందంటే ఇక అక్కడే, ఆ అంచు పొడవునా, ఎక్కడ వదులుగా ఉందా అని తలతో నెడుతూనే ఉంటుంది. ఒళ్ళు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి అట్టముక్క దూరే సందు చాలు దానికి.

అందుకే జెర్రికి అక్వేరియం వాడకు. అతుకు లేని, ఒకే ముక్కగా పోత పోసిన మందపాటి ప్లాస్టిక్ డబ్బా కొను. మట్టి పైనుంచి మూత దాకా ఎత్తు జెర్రి పొడవుకి కనీసం ఒకటిన్నర రెట్లు, వీలైతే రెండు రెట్లు ఉండాలి. పదిహేను సెంటీమీటర్ల జెర్రి అయితే ముప్పై సెంటీమీటర్లు ఖాళీ వదులు. సాలీడుకి చెప్పినదానికి ఇది పూర్తిగా తలకిందులు, గమనించావా? మట్టి మాత్రం లోతుగా, చేత్తో పిడికిలి పడితే ముద్దయ్యేంత తడిగా ఉంచు. దాని ఒంట్లో నీరు తొందరగా ఆరిపోతుంది. మట్టి ఎండిపోతే తడి కోసం తెగ తిరుగుతుంది, మూతని నెట్టడం మొదలుపెట్టేది కూడా అప్పుడే. నీళ్ళ గిన్నె, బెరడు ముక్క డబ్బా మధ్యలో పెట్టు. గోడకి ఆనించావంటే నువ్వే నిచ్చెన వేసినట్టు. చలికాలంలో రాయగడలో రాత్రిళ్ళు చల్లబడతాయని మూత మీద బల్బు పెట్టే ఆలోచన ఉంటే మానుకో. మట్టి ఎండుతుంది, ప్లాస్టిక్ వంకరపోయి అంచున సందు ఏర్పడుతుంది.

డబ్బా ఎంత గట్టిదైనా, చాలావరకు పారిపోయేది మూత తీసి మన చెయ్యి లోపల ఉన్నప్పుడే. కాబట్టి ఎంత తక్కువగా తీస్తే అంత మంచిది. నీళ్ళు పొయ్యడానికి సూది లేని సిరంజికి సన్నటి గొట్టం తగిలించు, రంధ్రంలోంచే పొయ్యొచ్చు. బొద్దింకని వెయ్యాలన్నా, మిగిలింది తియ్యాలన్నా డబ్బాని బట్టలుతికే పెద్ద టబ్బులో పెట్టి అప్పుడు మూత తియ్యి. తలుపు కింద సందులో పాత లుంగీ దోపు. ఫ్యాను ఆపు. పైనుంచి గాలి తగిలితే సాలీడు ఒక్కసారిగా ఉలిక్కిపడి పరిగెడుతుంది, అది ఫ్యాను కిందే జరుగుతుంది. పొడవాటి పట్టకారు, పారదర్శకమైన ప్లాస్టిక్ గ్లాసు, ఒక అట్టముక్క చేతికి అందేలా ఉండాలి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలీని సాయంత్రాల్లో అసలు ముట్టుకోకు. బాత్రూంలో అయితే అసలే వద్దు, ఆ తూము చాలు జెర్రికి.

తప్పించుకుందే అనుకో. కంగారుపడి పురుగుల మందు కొట్టకు. సాలీడైతే ఎక్కువ దూరం పోదు, మంచం వెనక, బీరువా కింద, చీకటి మూలల్లో ఉంటుంది. జెర్రి తడి వైపు పోతుంది. రాత్రి గది మూలల్లో తడిగుడ్డ పరిచి మీద అట్ట బోర్లించు, తెల్లారి అట్ట ఎత్తి చూడు. బూట్లు దులపకుండా వేసుకోకు. మంచం గోడకి దూరంగా జరిపి, దోమతెర పరుపు కింద దోపి పడుకో. చేత్తో పట్టుకోవాలని మాత్రం చూడకు. జెర్రి కరిచిందంటే వాపు, విపరీతమైన నొప్పి. ఊపిరి ఆడకపోయినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా వెంటనే ఆస్పత్రికి పో. మీ ఇంటివాళ్ళకి కూడా చెప్పు, దాచకు. అయితే వానాకాలంలో అక్కడి ఇళ్ళల్లోకి మామూలు జెర్రులు రానే వస్తాయి, కనబడ్డ ప్రతిదానికీ నువ్వే కారణం అంటే ఒప్పుకోకు.

ఇంకో మాట. నీకు జెర్రిని అమ్ముతానన్నవాడు నీలం రంగు గుత్తి సాలీడు కూడా ఇస్తానన్నాడని చెప్పావు. 1899లో మన గుత్తి రైల్వే యార్డులో దొరికి, మళ్ళీ 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనబడేదాకా జాడలేని జాతి అది. ఉన్నవే కొద్ది, 2019 నుంచి దాని వ్యాపారం మీద అంతర్జాతీయ ఆంక్షలు కూడా ఉన్నాయి. సరైన కాగితాలు చూపించనివాడి దగ్గర అది ఎంత తక్కువకొచ్చినా వద్దు. పైగా చెట్ల మీద బతికే జాతి, మెరుపులా పరిగెడుతుంది. నీ చెయ్యి ఇంకా అంత తిరగలేదు.

వచ్చే నెల రాయగడ వైపు పనుంది, వస్తాను. ఒకటిన్నర మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్లు నా దగ్గర ఉన్నాయి, తెస్తాను. నువ్వు డబ్బా, నాలుగు గట్టి క్లిప్పులు కొనిపెట్టు. రంధ్రాలు వేసి, మట్టి నింపి, మూత బిగించి ఇద్దరం చూశాకే జెర్రికి డబ్బులివ్వు.

ఇట్లు,
మీ మామయ్య