స్క్రూగేజి చార్టు రాసే పని

"మా అబ్బాయిని టీచర్ యావరేజ్ అన్నారు. టీచర్ల అభిప్రాయం పిల్లల చదువును నిజంగా మారుస్తుందా, లేక అంతా వాడి తెలివిని బట్టే ఉంటుందా?" అని అడిగారు. మారుస్తుంది. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. ఒక టీచర్ ఏ పిల్లవాడికి ఏ పని అప్పగిస్తున్నారో చూడండి, ఎవరి గురించి ఏమనుకుంటున్నారో ఇట్టే తెలిసిపోతుంది.

బళ్లో నేను నెమ్మది. జవాబు తెలిసినా అది నోట్లోంచి రావడానికి కాస్త టైం పట్టేది. మా లెక్కల సారు నా పేరు పిలిచేవారు, నేను లేచి నిలబడి నోరు తెరిచేలోపే "సరే, కూర్చో" అని ముందు బెంచీ వైపు తిరిగేవారు. అక్కడ ఎవరైనా తడబడితే మాత్రం "ఆలోచించు, నీకు వచ్చు" అంటూ ఆగేవారు. ఆయన నన్ను ఏనాడూ తిట్టలేదు, కొట్టలేదు. అయినా ఏడాది తిరిగేసరికి లెక్కలు నాకు రావని నేనే నమ్మేశాను.

పెద్దయ్యాక మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలి గురించి చదివితే ప్రాణం లేచొచ్చింది. టీచర్లు ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతారో ఆవిడ కొలిచారు. సగటున ఒక్క సెకను. బాగా చదువుతారని అనుకున్నవాళ్ల కోసం కాస్త ఎక్కువసేపు, మిగతావాళ్ల కోసం ఇంకా తక్కువ. అదే 3 సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, మామూలుగా నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు.

మళ్లీ బడి రోజులకే వస్తే, లెక్కలు రావని నమ్మేసిన మరుసటి ఏడాది ఫిజిక్స్ చెప్పడానికి ఒక మేడం వచ్చారు. స్క్రూగేజితో తీగ మందం కొలిచే ప్రాక్టికల్ జరుగుతోంది. అందరివీ ఒకే రకం తీగలు, రీడింగులు మాత్రం ఒక్కో బల్ల దగ్గర ఒక్కోలా వస్తున్నాయి. నేను తీగ పక్కన పెట్టేసి, ఖాళీ స్క్రూగేజిని మూయడం, తెరవడం, మళ్లీ మూయడం చేస్తున్నాను. మేడం వెనక నిలబడి చూస్తున్నారని తెలియదు.

"ఏం చూస్తున్నావు?"

"మేడం, మధ్యలో ఏమీ పెట్టకపోయినా సున్నా దగ్గర ఆగట్లేదు. మూడో గీత దగ్గర ఆగుతోంది."

ఆవిడ దాన్ని తీసుకుని, టిక్ టిక్ అని చప్పుడు వచ్చేదాకా తిప్పి, కళ్ల దగ్గర పెట్టుకుని చూశారు. వెరీ గుడ్ అనలేదు. "అయితే దీనితో కొలిచిన ప్రతిదాంట్లో 0.03 మిల్లీమీటర్లు తీసేయాలి. బీరువాలో ఉన్న మిగతావి కూడా ఇలాగే ఉండి ఉంటాయి. అన్నీ చూసి, నంబర్లు వేసి, దేనికి ఎంత జీరో ఎర్రర్ ఉందో చార్టు రాసి గోడకు అంటించు. ఇకనుంచి అందరూ దాన్ని చూసే రీడింగులు దిద్దుకుంటారు" అన్నారు. చెప్పేసి పక్క బల్ల దగ్గరకు వెళ్లిపోయారు, నేను చేయగలనా లేదా అన్న ఆలోచనే లేనట్టు.

తర్వాతి ప్రాక్టికల్ నుంచి నా దగ్గరకు జనం రావడం మొదలైంది. "నాది ఏడో నంబరు, కలపాలా తీసేయాలా?" అని క్లాస్ ఫస్ట్ వచ్చే అమ్మాయి కూడా అడిగింది. తీసేయాలని చెబితే సరిపోదు కదా, ఎందుకో చెప్పాలి. చెప్పడానికి ముందు రాత్రి కూర్చుని ప్లస్సులు, మైనస్సులు నాకు నేనే అర్థం చేసుకున్నాను. నా చార్టు తప్పయితే క్లాసు మొత్తం రీడింగులు తప్పవుతాయి, ఆ టెన్షన్ నన్ను చదివించింది. ఆ ఏడాది లెక్కల్లో కూడా మార్కులు పెరిగాయి. లెక్కలు చెప్పింది మాత్రం అదే సారు.

రోసెంతాల్, జాకబ్సన్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం 1968లో బయటికొచ్చింది. కాలిఫోర్నియాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో కొందరు పిల్లల పేర్లు ఇచ్చి, ఈ ఏడాది వీళ్లు బాగా పుంజుకుంటారని టీచర్లకు చెప్పారు. నిజానికి ఆ పేర్లు లాటరీ తీసినట్టు ఏరినవే. ఏడాది చివర ఒకటి, రెండు తరగతుల్లో ఆ పిల్లల ఐక్యూ స్కోర్లు మిగతావాళ్లకంటే బాగా పెరిగాయి. పై తరగతుల్లో అంత తేడా కనిపించలేదు. అప్పటినుంచి దీని మీద గొడవ నడుస్తూనే ఉంది. టీచర్ల అంచనాలు చాలావరకు పాత మార్కులను బట్టే ఉంటాయని, కాబట్టి సరైనవేనని, వాటి ప్రభావం చిన్నదేనని కొందరు వాదిస్తారు. నేను ఒప్పుకోను. ఆ పాత మార్కులు ఎక్కడినుంచి వచ్చాయి? అంతకుముందు ఏడాది టీచర్ పెట్టుకున్న అభిప్రాయం నుంచే కదా!

అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది స్టాఫ్ రూమ్ అప్పగింతలు. కొత్త టీచర్ ఇంకా క్లాసులో అడుగు పెట్టకముందే "ఆ ముగ్గురిని చూసుకోండి చాలు, వాడి మీద టైం వేస్ట్" అని పాత టీచర్ చెప్పేస్తారు. మార్కుల ప్రకారం కూర్చోబెట్టడం ఇంకో దుర్మార్గం. లీడర్ పదవి, స్టేజి మీద మాట్లాడటం, అతిథులకు ల్యాబ్ చూపించడం ఏటా అదే పిల్లలకి. వెనక బెంచీకి డస్టర్ దులిపే పని. జాలిపడి ఇచ్చిన పనిని పిల్లలు వెంటనే పసిగడతారు.

అందుకే మీరు స్కూలు మార్చాలా అని ఇప్పుడే తొందరపడకండి. ఈసారి మీటింగులో మార్కుల సంగతి పక్కన పెట్టి, "మా వాడు క్లాసులో ఏ పని చూసుకుంటున్నాడు?" అని టీచర్‌ని అడగండి. ఏమీ లేదంటే, ఒకటి ఇమ్మని మర్యాదగానే పట్టుబట్టండి. లైబ్రరీ పుస్తకాల రిజిస్టరు కావచ్చు, ల్యాబ్ సామాను లెక్క కావచ్చు, ఆలస్యంగా చేరిన పిల్లవాడికి వెనకటి పాఠాలు చెప్పడం కావచ్చు. వాడు చేయకపోతే క్లాసుకు ఇబ్బంది అయ్యే పనై ఉండాలి. మొదటిసారి తప్పు చేస్తే వెంటనే లాక్కుని ఇంకొకరికి ఇచ్చేయవద్దని, వాడినే దిద్దుకోనివ్వమని కూడా ముందే చెప్పి రండి.