15 లక్షలతో ఫ్లాటు కొని రోజువారీ అద్దెకు ఇవ్వవచ్చా?

చేతిలో 15 లక్షలు ఉన్నాయని, మిగతాది అప్పు తీసుకుని హైదరాబాదులో చిన్న ఫ్లాటు కొని రోజువారీ అద్దెకు ఇస్తే బ్యాంకు వాయిదాలు ఆ అద్దెతోనే తీరిపోతాయా అని మీరు అడిగారు. నా అనుభవంలో మొదటి ఏడాది తీరలేదు.

నేను నిమ్స్ ఆసుపత్రికి నడిచి వెళ్లగలిగే దూరంలో, ఎర్రమంజిల్ మెట్రో స్టేషనుకు దగ్గరలో, పాత అపార్ట్‌మెంటులో ఒకే పడకగది ఉన్న ఫ్లాటును 34 లక్షలకు కొన్నాను. బ్యాంకు 25 లక్షలు ఇచ్చింది. మిగిలిన 9 లక్షలతో పాటు, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం చొప్పున 2.55 లక్షలు, మంచాలు, ఏసీ, గీజరు, ఇన్వర్టరు, వంటసామగ్రికి మరో 2.5 లక్షలు సొంతంగా పెట్టుకోవలసి వచ్చింది.

రోజుకు 1,400 చొప్పున నెలకు సగటున 17 రోజులు నిండి 23,800 వచ్చేది. వెబ్‌సైటు కమీషను, పనిమనిషి జీతం, దుప్పట్ల ఉతుకు, కరెంటు, మెయింటెనెన్సు కలిపి 9 వేలు పోగా మిగిలినది 14,800; వాయిదా మాత్రం 21,700. మామూలుగా అద్దెకు ఇచ్చినా 13 వేలు వచ్చేవి కాబట్టి, అంత శ్రమకూ దక్కిన అదనం 2 వేలకు లోపే.

రెండో ఏడాది నన్ను నిలబెట్టినవారు రోగుల బంధువులు. దూరపు జిల్లాల నుంచి వైద్యానికి వచ్చేవారికి కావలసినది ఒక రాత్రి బస కాదు. పది పదిహేను రోజులు ఉండటానికి చోటు, రోగికి జావ కాచి తీసుకువెళ్లడానికి పొయ్యి, పనిచేసే లిఫ్టు. వారికి రోజుకు 1,100కే ఇచ్చాను. నెలకు 25 రోజులు నిండి 27,500 రాగా, మనుషులు తరచుగా మారకపోవడంతో ఖర్చు 7 వేలకు తగ్గింది. లోటు 1,200కు దిగింది. వారి అవసరం చూసి అద్దె పెంచడం నాకు న్యాయంగా తోచలేదు, ఇప్పటికీ తోచదు.

అడ్వాన్సు ఇచ్చే ముందే అపార్ట్‌మెంటు సంఘం అనుమతిని రాతపూర్వకంగా తీసుకోండి. దీనికి ముందు అమీర్‌పేటలో ఒక ఫ్లాటుకు 50 వేలు ఇచ్చాక, అక్కడి సంఘం రోజువారీ అద్దెలు కూడదని ఎప్పుడో తీర్మానించిందని తెలిసింది. ఆ డబ్బు నాకు తిరిగి రాలేదు. దిగే ప్రతివారి గుర్తింపు పత్రం నకలు ఉంచుకోండి. విదేశీయులైతే 24 గంటల్లోగా వారి వివరాలను విదేశీయుల నమోదు అధికారులకు ఆన్‌లైన్‌లో తెలపాలి.

ఫ్లాటు చూసిన రోజు సాయంత్రం దగ్గరలోని ఆసుపత్రి గేటు దగ్గరకు వెళ్లి, అక్కడ కూర్చున్నవారిని ఎక్కడ దిగారో, రోజుకు ఎంత ఇస్తున్నారో అడగండి. నేను అద్దె నిర్ణయించినది వారు చెప్పిన మాటను బట్టే.