హెర్పిస్ మందుకు తగ్గని కంటి పుండు: అమీబా పరీక్ష కూడా చేయమనండి

ఒంగోలులో మీ నాన్నగారి నల్లగుడ్డు మీద పుండును హెర్పిస్ అన్నారని, ఎసైక్లోవిర్ వాడినా తగ్గలేదని రాశారు. వైరస్, పరాన్నజీవి రెండూ ఒకే కంట్లో ఉంటాయా అని అడిగారు. అరుదుగా ఉంటాయి. మా బావమరిదికి ఉన్నాయి.

అతను నెల్లూరు దగ్గర ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల మీద పనిచేస్తాడు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ బాగుచేస్తుంటే బురదనీళ్లు కంట్లో పడ్డాయి. కొమ్మలుగా చీలిన పుండు చూసి ఇక్కడి డాక్టరు హెర్పిస్ అన్నారు. ఆయన్ను తప్పుపట్టలేను, అది హెర్పిస్ గుర్తే. అయితే మట్టిలో, నీళ్లలో ఉండే అకాంతమీబా అనే పరాన్నజీవి వల్ల వచ్చే పుండు కూడా తొలిదశలో దాదాపు అలాగే కనిపిస్తుంది. ఇది కాంటాక్ట్ లెన్సుల వాళ్ల జబ్బని చాలామంది అనుకుంటారు గానీ, మన దేశంలో లెన్సు ముఖం చూడని రైతులకూ కూలీలకూ మట్టి, మురికినీటి వల్ల వస్తోంది.

అమీబా అయితే నొప్పి భరించలేరంటారు. నొప్పి లేదని దాన్ని కొట్టిపారేయకండి. హెర్పిస్ నల్లగుడ్డును మొద్దుబారుస్తుంది. కన్ను అంత ఎర్రబడినా మావాడు హాయిగా నిద్రపోయేవాడు! చెన్నైలో డాక్టరు మత్తుచుక్కలు వేయకముందే దూదిపోగుతో నల్లగుడ్డును తాకి, స్పర్శ తగ్గిందని చెప్పి, అమీబా సంగతి కూడా తేలాల్సిందేనన్నారు.

పుండును గీకి నమూనా తీశారు. కాల్కోఫ్లోర్ వైట్ రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే అమీబా తన చుట్టూ కట్టుకునే రెండు గోడల తిత్తులు కనిపించాయి. కొంత నమూనాను పోషకాలు లేని అగార్ అనే జెల్లీ మీద ఈ.కోలై బ్యాక్టీరియా పరిచి పెంచారు. అమీబా ఆ బ్యాక్టీరియాను మేస్తూ పెరుగుతుంది, ఫలితానికి రోజులు పడుతుంది. వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే హెర్పిస్ పీసీఆర్ పరీక్ష కూడా పాజిటివ్ వచ్చింది. జబ్బు లేనివారి కన్నీళ్లలోనూ ఆ వైరస్ ఒక్కోసారి దొరుకుతుందట. అందుకే పుండు రూపం, తగ్గిన స్పర్శ కూడా లెక్కలోకి తీసుకున్నాకే రెండూ ఉన్నాయని తేల్చారు.

ఎసైక్లోవిర్ అమీబాను చంపదు. దానికి పీహెచ్ఎంబీ, క్లోర్‌హెక్సిడిన్ వంటి చుక్కలు మొదట్లో రాత్రీపగలూ గంటగంటకూ వేయాలి, తర్వాత నెలల తరబడి కొనసాగించాలి. పరీక్ష తేలకుండా ఎర్రదనం తగ్గడానికని స్టిరాయిడ్ చుక్కలు మాత్రం వేయనివ్వకండి, రెండు జబ్బులూ ముదరవచ్చు.

నెల్లూరు వాళ్లం చెన్నైకి పరుగెత్తుతాం గానీ మీకు విజయవాడ దగ్గర. తాడిగడపలో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. వాడిన చుక్కల సీసాలన్నీ వెంట తీసుకెళ్లండి. కొన్ని మందుల వల్ల నమూనాలో క్రిములు దొరక్కపోవచ్చు, అక్కడివారికి ఆ సంగతి తెలియాలి.