పార్లమెంటులకు తల్లి ఇంగ్లండేనా? ఓల్డ్ సేరమ్ గుట్ట ఎక్కి చూడండి

అడిగిన ప్రశ్న: "బ్రిటన్ పార్లమెంటును పార్లమెంటులన్నిటికీ తల్లి అంటారు కదా. యూరప్‌లో ప్రజాప్రతినిధుల సభ మొదట ఇంగ్లండులోనే పుట్టిందా?"

లేదు. ముందు ఆ "తల్లి" మాట సంగతి తేల్చేద్దాం. ఆ మాట అన్నది జాన్ బ్రైట్ అనే బ్రిటన్ ఎంపీ, 1865 జనవరిలో, బర్మింగ్‌హామ్‌లో. అన్నది పార్లమెంటు గురించి కాదు, ఇంగ్లండు దేశం గురించి. అది కూడా చురక అంటించడానికే. పార్లమెంటులకు తల్లి లాంటి దేశం మనది, కానీ ఇక్కడి మనిషి ఓడెక్కి కెనడాకో ఆస్ట్రేలియాకో పోతే ఓటు వస్తుంది, సొంతూళ్లో ఉంటే రాదు, ఇదేం న్యాయం అని ఆయన గోల. టీవీల వాళ్లు ఆ మాటలో ముందు సగం పట్టుకుని వెనక సగం వదిలేశారు. ఈ బ్రైట్ మనకు పరాయివాడేం కాదు. ఈస్టిండియా కంపెనీ 14 ఏళ్లలో ఇండియా మొత్తం మీద ప్రజా పనులకు పెట్టిన డబ్బు కంటే ఒక్క మాంచెస్టర్ ఊరు మంచినీళ్లకు పెట్టిందే ఎక్కువ అని 1858లో పార్లమెంటులోనే కడిగేసినవాడు. కాలవల కింద పంట పండించుకునే మన జిల్లాల్లో ఆయన పేరు ఎంతమందికి తెలుసో మరి.

ఇక ఎవరు ముందు అనే పోటీ. ఐస్‌లాండ్ వాళ్లు ఆల్తింగ్ అనే సభను 930లోనే మొదలుపెట్టారు. కాకపోతే అందులో మాట చెల్లేది ఊరి పెద్దలదే. పట్టణాల తరఫున మనుషులను రాజు సభకు పిలవడం కావాలంటే స్పెయిన్‌లోని లియోన్‌కు వెళ్లాలి. 1188లో తొమ్మిదో అల్ఫోన్సో కొత్తగా గద్దెనెక్కాడు, ఖజానా ఖాళీ. బిషప్పులు, జమీందార్లతో పాటు పట్టణాల ప్రతినిధులనూ కూర్చోబెట్టాడు. ఇంగ్లండులో అలాంటిది జరిగింది 1265లో. అప్పుడు కూడా పిలిచింది రాజు కాదు, రాజును బంధించిన తిరుగుబాటుదారు సైమన్ డి మాంట్‌ఫోర్ట్. అదే ఏడాది ఆగస్టులో ఈవ్‌షామ్ దగ్గర అతన్ని చంపేశారు. తర్వాత 1295లో మొదటి ఎడ్వర్డ్ రాజు తనే పిలిచాడు, ఎందుకంటే ఫ్రాన్స్‌తో, స్కాట్లండుతో గొడవలు, డబ్బు కావాలి. ఎక్కడ చూసినా ఇదే కథ. రాజుగారికి యుద్ధం వచ్చినప్పుడు జనం గుర్తొస్తారు.

ఇంగ్లండుకు ఇవ్వాల్సిన మార్కులు ఒకచోట ఇస్తాను. వాళ్లు సభను చావనివ్వలేదు. ఫ్రాన్స్‌లో అలాంటి సభ 1614లో కూర్చుని, మళ్లీ 1789లోనే కూర్చుంది. ఇంగ్లండులో మొదటి చార్లెస్ 1629 నుంచి 1640 దాకా పార్లమెంటు లేకుండా నెట్టుకొచ్చాడు, స్కాట్లండుతో యుద్ధం రాగానే డబ్బు కోసం మళ్లీ పిలవక తప్పలేదు, చివరికి 1649లో తలే పోయింది. పన్ను వెయ్యాలంటే సభ ఒప్పుకోవాలి అనే పట్టు 1689 నాటికి గట్టిపడింది. అది గొప్పే. కానీ ఆ సభ ఎవరిది? దీనికి జవాబు లండన్‌లో థేమ్స్ ఒడ్డున దొరకదు, సాల్స్‌బరీ దగ్గర ఓల్డ్ సేరమ్ అనే గుట్ట మీద దొరుకుతుంది.

మేం ఉండేది సౌతాంప్టన్ దగ్గర. కిందటి వేసవిలో మా అత్తమామలు వచ్చినప్పుడు అందరిలాగే స్టోన్‌హెంజ్ చూపించాం. టికెట్ ధర రూపాయల్లోకి మార్చుకుని మామయ్యగారు దారంతా ఒకటే సణుగుడు. ఇండియా నుంచి ఎవరొచ్చినా స్టోన్‌హెంజ్, లండన్ ఐ, బకింగ్‌హామ్ ప్యాలెస్ గేటు తప్ప ఇంకేం చూపించరు మనవాళ్లు. ఫేస్‌బుక్‌లో అవే ఫొటోలు చూసి చూసి విసుగొచ్చింది. అందుకే తిరుగు దారిలో ఓల్డ్ సేరమ్ బోర్డు కనిపించగానే నేనే కారు ఆపించాను.

మామయ్యగారు నందిగామ దగ్గర ఒక ఊరికి సర్పంచ్‌గా చేశారు. ఆయనకు ఏ ఊరు తీసుకెళ్లినా మొదటి ప్రశ్న ఒకటే. కారు దిగి, మఫ్లర్ చుట్టుకుని, ఆ గాలిలో నిలబడి అదే అడిగారు.

"అమ్మాయ్, ఇక్కడ ఓట్లెన్ని?"

"ఇప్పుడు లేవండీ. ఒకప్పుడు ఇద్దరు ఎంపీలు ఉండేవాళ్లు ఈ ఊరికి."

"ఊరేదీ?"

ఊరు లేదు. కందకం, కూలిన కోట గోడలు, పాత చర్చి ఎంత మేర ఉండేదో గడ్డిలో కనిపించే ఆనవాళ్లు. దూరంగా సాల్స్‌బరీ చర్చి శిఖరం. 1220లో చర్చి కట్టడం కింద మైదానంలో మొదలుపెట్టారు, మెల్లగా జనం కూడా దిగిపోయారు. కోట పాడుబడింది. రాళ్లు కూడా మోసుకుపోయారు. మిగిలినవల్లా ఆ రెండు సీట్లు. అవి 1832 దాకా కదల్లేదు.

ఓటు ఇక్కడ మనిషికి కాదు, స్థలానికి. ఫలానా స్థలం హక్కు ఎవరి పేరు మీద ఉంటే ఓటు వాళ్లది. ఇల్లు ఉండక్కర్లేదు, మనిషి కాపురం ఉండక్కర్లేదు. దిగువ పొలంలో ఒక ఎల్మ్ చెట్టు కింద ఎన్నిక జరిపేవాళ్లు. 1831లో జరిగిన ఆఖరి ఎన్నికకు ఓటర్లు 11 మంది, ఒక్కరూ ఆ గుట్ట మీద ఉండేవాళ్లు కాదు. ఇదంతా చెబుతుంటే మామయ్యగారు గోడ మీద కూర్చుని శ్రద్ధగా విన్నారు.

"పదకొండా? మా ఊళ్లో పెద్దోళ్ల కొంప ఒక్కదాంట్లో ఉంటాయి అన్ని ఓట్లు. మరి పోటీ ఎవరు పడేవాళ్లు?"

"స్థలాలన్నీ ఒకాయన చేతిలో ఉంటే పోటీ ఏముంటుంది మామయ్యగారూ? ఆయన ఎవరి పేరు చెబితే వాళ్లే."

"అంటే ఏకగ్రీవం అన్నమాట," అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో కనిపించిన తృప్తి నాకు అస్సలు నచ్చలేదు. వాళ్ల ఊళ్లో ఏకగ్రీవం ఎలా అవుతుందో, గుడికి ఎవరెంత ఇస్తామని పాడతారో నాకు తెలుసు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. ఈ గుట్టను 1690ల మొదట్లో కొన్నది థామస్ పిట్. ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యాన్ని లెక్కచెయ్యకుండా బంగాళాఖాతం ఒడ్డున దొంగ వ్యాపారం చేసి డబ్బు గడించినవాడు. అతన్ని ఆపలేక కంపెనీ చివరికి తనలోనే కలుపుకుని 1698లో మద్రాసుకు గవర్నర్‌ని చేసింది. అక్కడే కృష్ణ ఒడ్డు గనుల్లో దొరికిన 410 క్యారట్ల వజ్రం అతని చేతికొచ్చింది. ఇరవై వేల పైచిలుకు పౌండ్లకు కొని, 1717లో ఫ్రాన్స్ రాజప్రతినిధికి 1,35,000 పౌండ్లకు అమ్మాడు. దాని పేరు రీజెంట్, ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. కోహినూర్ కోసం గుండెలు బాదుకునే మనవాళ్లలో దీని పేరు ఎత్తేవాళ్లే కనపడరు.

ఆ వజ్రం పరిటాలలో దొరికిందని కొందరు, కొల్లూరులో అని కొందరు. పరిటాల మామయ్యగారి ఊరికి దగ్గర. నాది సత్తెనపల్లి వైపు, కాబట్టి నా ఓటు కొల్లూరుకే, ఆ ఊరు పులిచింతల నీళ్లలో మునిగిపోయినా సరే. కారెక్కాక కూడా ఈ గొడవ సాగింది. మా ఆయన రేడియో పెట్టుకున్నారు.

యూట్యూబ్‌లో కొందరు "మన వజ్రంతో బ్రిటన్ ఎంపీ సీటు కొన్నారు" అని థంబ్‌నెయిల్ పెడతారు. ఓల్డ్ సేరమ్ కొన్నాకే వజ్రం దొరికింది, లెక్క సరిగ్గా చెప్పండి. ఇండియా వ్యాపారం డబ్బు అంటే సరిపోతుంది కదా, దానికేం తక్కువ? థామస్ పిట్ ఇక్కడి నుంచే ఎంపీ అయ్యాడు, కొడుకూ అయ్యాడు. 1735లో మనవడు విలియం పిట్‌ని, 26 ఏళ్లవాడిని, ఈ గుట్ట మీదినుంచే సభకు పంపారు. ఆ మనవడే తర్వాత ప్రధాని. చోద్యం ఏమిటంటే, ఇలాంటి సీట్లు బ్రిటన్ రాజ్యాంగంలో కుళ్లిన భాగం అని 1766లో అన్నది ఈయనే. ఆసియా సొమ్ము వచ్చిపడి రాజకీయాలను చెడగొడుతోందని 1770లో వాపోయింది కూడా ఈయనే. తాతగారు ఏ దేశం సొమ్ముతో ఎదిగారో మరి!

ఆ సొమ్ములో నెల్లూరు వాటా కూడా ఉంది. ఆర్కాటు నవాబు మహమ్మదలీ కంపెనీ ఉద్యోగుల దగ్గర వడ్డీల మీద వడ్డీలకు అప్పులు చేశాడు. వాటికి హామీగా రాసిచ్చింది జిల్లాల శిస్తు. నెల్లూరు ప్రాంతం అప్పుడు ఆయన కిందే ఉండేది. అలా బాగుపడ్డవాళ్లు లండన్ వెళ్లి ఇలాంటి ఊరు లేని సీట్లు కొనుక్కుని, తమ అప్పులు వసూలయ్యేలా చట్టసభలో చక్రం తిప్పారు. 1785 ఫిబ్రవరిలో ఎడ్మండ్ బర్క్ అనే ఎంపీ ఈ బాగోతం మీద గంటల తరబడి మాట్లాడాడు. నవాబుకు అప్పులిచ్చిన పాల్ బెన్‌ఫీల్డ్ ఒక్కడే ఎనిమిది మంది ఎంపీలను తయారుచేశాడని ఆరోపించాడు. నన్నడిగితే 18వ శతాబ్దపు లండన్ సభలో మనకు ఓటు లేదు గానీ మన డబ్బుకు సీట్లు ఉన్నాయి. బడిలో చెప్పిన "బ్రిటిష్ వాళ్లు మనకు పార్లమెంటరీ పద్ధతి ఇచ్చారు" అనే పాఠంలో ఈ పేజీ ఎందుకు లేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇది ఎప్పుడో పాతకాలం సంగతి అనుకోకండి. నేను ఇక్కడ ఒక తెలుగు సంఘంలో సభ్యురాలిని, పేరెందుకు. ఎన్నికల ముందు ఒకాయన తన జేబులోంచి సభ్యత్వ రుసుము కట్టి డజన్ల కొద్దీ ఫారాలు నింపించారు. ఆ సభ్యుల్లో చాలామందిని ఉగాది పండగకు కూడా ఎవరూ చూడలేదు. ఆయన ప్యానెల్ గెలిచింది. ఇదేంటండీ అని అడిగితే, నిబంధనల్లో తప్పని ఎక్కడుంది అన్నారు. ఓల్డ్ సేరమ్‌లో కూడా నిబంధనల ప్రకారం తప్పేం లేదు!

సరే, ఈ గుట్టకు ఇద్దరు ఎంపీలు ఉన్న రోజుల్లోనే మాంచెస్టర్‌లో లక్షకు పైగా జనం, ఒక్క ఎంపీ లేడు. సముద్రంలో చాలావరకు కొట్టుకుపోయిన డన్‌విచ్ అనే ఊరికి మాత్రం ఇద్దరు. 1819 ఆగస్టు 16న మాంచెస్టర్‌లో సెయింట్ పీటర్స్ మైదానంలో మాకూ ప్రతినిధులు కావాలని దాదాపు 60 వేల మంది చేరితే గుర్రపు దళాన్ని మీదికి తోలారు. పదిహేను మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. పీటర్లూ అంటారు దాన్ని. ప్రజాస్వామ్యానికి పుట్టిల్లు అని ఫొటో దిగేవాళ్లు వెస్ట్‌మినిస్టర్ గడియారం ముందు కాకుండా అక్కడ దిగాలి.

1832 ఎన్నికల సంస్కరణ చట్టంతో ఓల్డ్ సేరమ్‌తో సహా 56 ఊళ్ల సీట్లు పూర్తిగా పోయాయి, మాంచెస్టర్, బర్మింగ్‌హామ్‌లకు వచ్చాయి. దాంతో అంతా మారిపోయిందనుకుంటారు. ఆ చట్టం తర్వాత కూడా ఇంగ్లండులో ఐదుగురు మగవాళ్లలో ఒకరికి అటూఇటూగా మాత్రమే ఓటు. పైగా ఓటరు అంటే మగవాడే అని చట్టంలో స్పష్టంగా రాసింది అప్పుడే. రహస్య ఓటు 1872 దాకా లేదు, అంతవరకు జమీందారు మనిషి చూస్తుండగా పేరు పైకి చెప్పాల్సిందే. ఎంపీలకు జీతం 1911లో వచ్చింది, అంతకు ముందు కలిగినవాడికే అది కుదిరేది. ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా ఓటు 1928లో.

నేను ఇప్పటికీ ఇండియా పాస్‌పోర్టే. కామన్‌వెల్త్ దేశస్థురాలిని, వీసా మీద ఇక్కడే ఉంటున్నాను కాబట్టి బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో నాకు ఓటుంది. ఈ మాట చెబితే మామయ్యగారు మొదట నమ్మలేదు. అదే సత్తెనపల్లిలో ఓటెయ్యాలంటే విమానం ఎక్కి వెళ్లి బూత్ ముందు నిలబడాలి, ఎన్నారైలకు ఇంకో దారి లేదు. దీని మీద ఏళ్ల తరబడి మాటలే తప్ప పని జరగడం లేదు. ఆయన మాత్రం ఆ విషయం వదిలేసి "పై సభకు ఎన్నికలు ఎప్పుడు?" అన్నారు. పై సభకు జనం ఓట్లెయ్యరు, ఇరవై ఆరుగురు బిషప్పులు అందులో హోదా కొద్దీ కూర్చుంటారు అంటే, సాల్స్‌బరీ దాటేదాకా నవ్వుతూనే ఉన్నారు.

"మరి మన పార్లమెంటు వాళ్ల బిడ్డే కదా" అని కింద ఎవరో ఒకరు రాస్తారు, అందుకే ముందే చెబుతున్నా. బ్రిటన్‌లో యూనివర్సిటీ పట్టా ఉన్నవాళ్లకు, సొంత వ్యాపార స్థలం ఉన్నవాళ్లకు రెండో ఓటు ఉండేది. దాన్ని 1948 చట్టంతో తీసేశారు. ఒక మనిషికి ఒకే ఓటు అనే లెక్కన అక్కడ మొదటి సాధారణ ఎన్నికలు జరిగింది 1950 ఫిబ్రవరిలో. మన మొదటి సార్వత్రిక ఎన్నికలు 1951 అక్టోబరులో మొదలయ్యాయి, 17 కోట్లకు పైగా ఓటర్లతో. తల్లీబిడ్డలకు వయసు తేడా రెండేళ్లు కూడా లేదు. ఇక అదే బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండులో స్థానిక ఎన్నికలకు ఇంటి పన్ను లెక్క చూసి ఓటిచ్చే పద్ధతి 1960ల చివరిదాకా నడిచింది, ఒకరికి ఒకే ఓటు కావాలని 1968లో జనం రోడ్డెక్కితే పోలీసులు లాఠీలతో కొట్టారు.